సర్వర్లన్నింటికీ ఒకే ప్లేబుక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: క్లౌడ్‌లో మాకు 12 ఉబుంటు సర్వర్లున్నాయి. ఒక్కోదాంట్లోకీ ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న సర్వర్లోకి లాగినయ్యే పద్ధతి) వెళ్లి ఇంజిన్ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగ్ ఫైలు సరిచేస్తున్నాం. షెల్ స్క్రిప్టులో లూప్ రాసుకుంటే చాలదా? చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి సిద్ధం చేసే యాన్సిబుల్ టూల్ నేర్చుకోవాల్సిందేనా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జ: మొదటిసారికి లూప్ చాలు. చిక్కంతా రెండోసారే. ‘ఫైలు చివర ఈ లైను చేర్చు’ అని రాసిన స్క్రిప్టును మళ్లీ నడిపితే అదే లైను రెండుసార్లు పడుతుంది. ఏడో సర్వర్ దగ్గర ఆగిపోతే మళ్లీ ఎక్కణ్నుంచి మొదలెట్టాలో తేల్చుకోవడం మీ పని. ప్లేబుక్ అంటే యాన్సిబుల్‌కు పనుల (టాస్కుల) జాబితా ఇచ్చే ఫైలు. అందులో సర్వర్ ఎలా ఉండాలో రాస్తాం: ప్యాకేజీ ఉండాలి, ఫైల్లో ఇది ఉండాలి, సర్వీసు నడుస్తుండాలి. అప్పటికే అలా ఉంటే యాన్సిబుల్ ముట్టుకోదు. నేరుగా కమాండ్లు నడిపే షెల్, కమాండ్ మాడ్యూళ్లకు (యాన్సిబుల్‌లో పని చేసిపెట్టే భాగాలు) మాత్రం ఈ తెలివి లేదు. వాటికి ‘క్రియేట్స్’ జతచేసి, ఫలానా ఫైలుంటే ఆ పని వదిలెయ్యమని మీరే చెప్పాలి.

సర్వర్లలో ఏజెంటేమీ (ముందే వేసి ఉంచాల్సిన ప్రత్యేక ప్రోగ్రామ్) అక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ కీ, సూడో (అడ్మిన్) హక్కున్న యూజర్, పైథాన్ 3 ఉంటే సరిపోతుంది. ఐపీలు మారకపోతే ఇన్వెంటరీ (సర్వర్ల జాబితా) ఫైలు చేత్తోనే రాసుకోండి. సర్వర్లు పుడుతూ పోతూ ఉంటే, అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఆ జాబితాను తానే తెచ్చుకునే ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ సర్వర్ల సేవ) ఇన్వెంటరీ ప్లగిన్ వాడండి. దాని ఫైలు పేరు చివర ‘ఏడబ్ల్యూఎస్ అండర్‌స్కోర్ ఈసీ2 డాట్ వైఎంఎల్’ అని గానీ ‘డాట్ వైఏఎంఎల్’ అని గానీ లేకపోతే ప్లగిన్ ఆ ఫైలును పట్టించుకోదు. రీజియన్ (సర్వర్లున్న ప్రాంతం) కూడా చూసుకోండి: ముంబైది ఏపీ-సౌత్-1, హైదరాబాద్‌ది ఏపీ-సౌత్-2. తప్పు రీజియన్ రాస్తే మీ సర్వర్లు జాబితాలో కనబడవు.

ముందు ‘లిమిట్’తో ఒక్క సర్వర్ మీద, ‘చెక్’, ‘డిఫ్’ ఆప్షన్లు పెట్టి నడపండి. ఏ ఫైల్లో ఏ లైను మారబోతోందో చూపిస్తుంది. ఆ తర్వాత ప్లేలో (ప్లేబుక్‌లోని ఒక భాగం) ‘సీరియల్’ పెట్టి మొదట 1, తర్వాత 3, ఆపైన మిగతావన్నీ అని విడతలు రాయండి. ‘ఫోర్క్స్’ వేరు, ‘సీరియల్’ వేరు. ఫోర్క్స్ ఒకేసారి ఎన్ని సర్వర్లతో మాట్లాడాలో చెబుతుంది, మీరేమీ మార్చకపోతే 5. అంతేగానీ తప్పుడు కాన్ఫిగ్ పన్నెండింటికీ పాకకుండా ఆపదు. ఆపేది సీరియలే, దానితోపాటు ‘మాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్’ 0 అని కూడా రాయండి. లేకపోతే మూడింటి విడతలో ఒకటి పడిపోయినా మిగతావాటితో ముందుకు వెళ్లిపోతుంది.

ప్ర: ప్లేబుక్ మధ్యలో ఫెయిలైంది. తప్పు సరిదిద్ది మళ్లీ నడిపితే అంతా ‘ఓకే’ అంది. అయినా కొన్ని సర్వర్లలో ఇంజిన్ఎక్స్ పాత సెట్టింగ్స్‌తోనే నడుస్తోంది. ఎందుకు?
– ఓ పాఠకురాలు, వరంగల్

జ: ఇది హ్యాండ్లర్ల (ఏదైనా మారితేనే నడిచే పనులు) దగ్గర పడే చిక్కు, బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ గంటలు పోగొట్టుకుంటారు. కాన్ఫిగ్ ఫైలు మారగానే రీలోడ్ (ఆపకుండానే సెట్టింగ్స్ మళ్లీ చదివించడం) చేసే హ్యాండ్లర్‌కు కబురు వెళ్తుంది, కానీ హ్యాండ్లర్ నడిచేది టాస్కులన్నీ అయ్యాకే. ఈలోగా వేరే టాస్క్ పడిపోతే ఆ సర్వర్లో హ్యాండ్లర్ నడవదు. రెండోసారి నడిపినప్పుడు ఫైలు అప్పటికే కొత్తది కాబట్టి ‘మార్పు లేదు’ అంటుంది, కబురే వెళ్లదు. డిస్కు మీద కొత్త ఫైలు, మెమరీలో పాత సెట్టింగ్స్.

ఇప్పటికి అన్ని సర్వర్లలోనూ ఒకసారి రీలోడ్ చేయించండి. ఇకముందు ప్లేలో ‘ఫోర్స్ హ్యాండ్లర్స్’ను (టాస్క్ పడిపోయినా హ్యాండ్లర్లు నడిపే సెట్టింగ్) ట్రూ చెయ్యండి, లేదా కాన్ఫిగ్ ఫైలు రాసే టెంప్లేట్ టాస్క్ వెనకే మెటా టాస్కుగా ‘ఫ్లష్ హ్యాండ్లర్స్’ (హ్యాండ్లర్లను అక్కడికక్కడే నడిపే ఆదేశం) పెట్టండి. హ్యాండ్లర్లో రీస్టార్ట్ బదులు రీలోడ్ రాయండి. కాన్ఫిగ్‌లో తప్పుంటే రీలోడ్ విఫలమైనా పాత ప్రాసెస్ సైటును నడుపుతూనే ఉంటుంది. రీస్టార్ట్ అయితే ముందు ఆపేస్తుంది, తర్వాత లేవలేదు.

ప్ర: కొత్తగా తెచ్చిన సర్వర్ మీద ప్లేబుక్ నడిపితే ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) లాక్ దొరకలేదంటోంది. పది నిమిషాలాగితే పనిచేస్తోంది.
– ఓ పాఠకుడు, తిరుపతి

జ: ఎస్ఎస్‌హెచ్ తెరుచుకున్నంత మాత్రాన సర్వర్ సిద్ధమైనట్టు కాదు. వెనకాల క్లౌడ్-ఇనిట్ (సర్వర్ మొదటిసారి లేచినప్పుడు సెటప్ చేసే ప్రోగ్రామ్) ఇంకా నడుస్తుండొచ్చు, ఉబుంటు తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటూ ఆప్ట్ లాక్‌ను పట్టుకుని ఉండొచ్చు. మొదటి టాస్కుగా ‘క్లౌడ్-ఇనిట్ స్టేటస్’ కమాండును ‘వెయిట్’ ఆప్షన్‌తో ఇవ్వండి. కొత్త వెర్షన్లలో పని ముగిసినా, చిన్న లోపాలుంటే ఈ కమాండు 2 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. దాన్ని ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టొద్దని టాస్కులో రాయండి. ఆపైన ఆప్ట్ మాడ్యూల్లో ‘లాక్ టైమౌట్’ 60 సెకన్లే ఉంటుంది, 300 చెయ్యండి.

ప్ర: ఒకే ప్లేబుక్ నడిపినా సర్వర్లలో వెర్షన్లు వేర్వేరుగా ఉన్నాయి.
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జ: ప్యాకేజీ టాస్కులో ‘ప్రెజెంట్’ (ఉంటే చాలు) అని రాసుంటారు. ఏ వెర్షన్ ఉన్నా దానికి సరే. ‘లేటెస్ట్’ అంటే నడిపిన రోజున దొరికిన వెర్షన్ వస్తుంది, అదీ ప్రమాదమే. ప్యాకేజీ పేరు పక్కన వెర్షన్ రాయండి, అయితే చివరి అంకె దాకా బిగించకండి. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చాక ఉబుంటు రిపోజిటరీలో దాని ముందు అప్‌డేట్ సాధారణంగా ఉండదు, అప్పుడు కొత్త సర్వర్లో ఇన్‌స్టాలే కాదు. ఉదాహరణకు ఇంజిన్ఎక్స్‌కు 1.24 తర్వాత నక్షత్రం గుర్తు పెట్టి ‘1.24*’ అని వదిలితే ప్యాచ్‌లు వస్తాయి, పెద్ద వెర్షన్ మారదు.