‘ఫిలిగ్రీ’ అంటే ఏమిటి, ఆ పేరు ఎక్కడిది?

కరీంనగర్ వెండి పళ్ళేల గురించి చదివినప్పుడల్లా ‘ఫిలిగ్రీ’ అనే మాట వస్తుంది, దాని అర్థమేమిటని అడిగారు. సన్నని వెండి లేదా బంగారు తీగలను మెలిపెట్టి, వంచి, అతికి చేసే జాలీ లాంటి నగిషీ పని అది.

మాట మూలం లాటిన్. ‘ఫీలుమ్’ అంటే దారం, ‘గ్రానుమ్’ అంటే గింజ. రెండూ కలిసి ఇటాలియన్‌లో ‘ఫిలిగ్రానా’ అయ్యింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దారం సరే, గింజ ఎందుకంటే, పాత గ్రీకు నగల్లో, ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ల నగల్లో తీగల పక్కన ఆవగింజ కన్నా చిన్న బంగారు పూసలు కూడా అతికేవారు. ఫ్రెంచివాళ్ళు కాగితంలోని వాటర్‌మార్కునూ ‘ఫిలిగ్రాన్’ అనే అంటారు. కాగితం తీసే జల్లెడకు తీగతో బొమ్మ కుడితే పడే గుర్తే కదా అది!

మన దగ్గర ఈ పని కరీంనగర్ దగ్గరి ఎలగందులలో వేళ్ళూని కరీంనగర్‌కు చేరింది. వెండిని కమ్మచ్చు (రంధ్రాలున్న లోహపు పలక) రంధ్రాల్లోంచి లాగి తీగ తీస్తారు. రెండు తీగలను పురిపెట్టి అణచగానే అంచున సన్నని పళ్ళు తేలతాయి. గింజల మెరుపు అక్కడే కనిపిస్తుంది. లావు తీగతో ఆకు చట్రం కట్టి, లోపల ఈ పురితీగ చుట్టలు పేర్చి, వెలిగారం (బోరాక్స్) వేసి అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దాన్‌లు ఇలాగే తయారవుతాయి. ఈ కళకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. కటక్‌లో ఇదే తరహా పనిని ‘తారకసి’ అంటారు. నా మటుకు నాకు ఆ పేరే ఎక్కువ నచ్చుతుంది, ‘తార’ అంటే తీగే కాబట్టి అందులో తీగ సూటిగా వినిపిస్తుంది.