థీసిస్ మొదలుపెట్టబోతున్న మా అబ్బాయికి

నాన్నా,

నీ ఉత్తరం అందింది. సర్జరీ పీజీలో చేరిన కొన్నాళ్లకే థీసిస్ గురించి ఇంత పట్టుదలగా ఆలోచిస్తున్నావు, చాలా సంతోషం. ఓపీకి ఏ జబ్బుతో వచ్చినా సరే, అందరికీ మెడ అల్ట్రాసౌండ్ చేసి, బయటికి కనిపించని థైరాయిడ్ క్యాన్సర్లు ఎన్ని దొరుకుతాయో లెక్క తేల్చాలని ఉందన్నావు. మీ గైడ్ కూడా సరేనన్నారట. ప్రోటోకాల్ ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే నన్ను అడిగి మంచి పని చేశావు. ఈ టాపిక్ ఇలా మాత్రం చేయొద్దని నా సలహా. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

వెతికితే దొరుకుతాయి. అందులో సందేహం లేదు. దొరికాక ఆ మనిషికి ఏం జరిగింది, వెతకకుండా వదిలేసి ఉంటే ఏం జరిగేది? ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే నువ్వు కనుక్కోవాల్సింది. నీ ప్లానులో దొరకడం వరకే ఉంది. తర్వాతి సంగతి లేదు, పోల్చి చూడటానికి రెండో గుంపే లేదు.

నువ్వు చేద్దామనుకున్నది దక్షిణ కొరియాలో దేశమంతా జరిగిపోయింది. 1999లో అక్కడి ప్రభుత్వం క్యాన్సర్ స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేనివాళ్లలో జబ్బును వెతికే కార్యక్రమం మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. అయినా పరీక్షలకు వచ్చినవాళ్లకు కొద్దిపాటి డబ్బు అదనంగా తీసుకుని మెడ అల్ట్రాసౌండ్ కూడా చేయడం అలవాటైపోయింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలేవాళ్లు 1993తో పోలిస్తే 15 రెట్లు పెరిగారు. మరి థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లో? ఆ సంఖ్య ఎక్కడిది అక్కడే ఉంది. నిజంగా ప్రాణం తీసే జబ్బును ముందే పట్టుకుని ఉంటే మరణాలు తగ్గాలి కదా. తగ్గలేదంటే దొరికినవాటిలో చాలావరకు ఎప్పటికీ ఇబ్బంది పెట్టని చిన్న పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్లే. వేరే కారణాలతో చనిపోయినవాళ్ల శవపరీక్షల్లో ఇలాంటివి కనిపిస్తాయని పాథాలజిస్టులకు ఎప్పటినుంచో తెలుసు. కానీ ఒకసారి క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఎవరు ఊరుకుంటారు? దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత చాలామందికి జీవితాంతం థైరాక్సిన్ మాత్రలు, కొందరికి కాల్షియం సమస్య, కొందరికి స్వరపేటిక నరం దెబ్బతిని గొంతు పోవడం. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ముందుకొచ్చి ఈ సంగతి బహిరంగంగా చెప్పాక ఆపరేషన్లు బాగా తగ్గాయి. 2017లో అమెరికా నిపుణుల బృందం కూడా లక్షణాలు లేనివాళ్లకు థైరాయిడ్ క్యాన్సర్ స్క్రీనింగ్ వద్దని చెప్పింది.

కాబట్టి నీ థీసిస్‌లో తేలిన ప్రతి కేసు వెనుకా ఒక మనిషి ఉంటాడు. మోకాలి నొప్పికో గ్యాస్‌కో మందు తీసుకుందామని వచ్చినవాడిని నువ్వు క్యాన్సర్ రోగిని చేసి పంపిస్తావు. అతనికి దానివల్ల మేలు జరిగిందని చూపించే దారి నీ చేతిలో లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

"ముందే పట్టుకుంటే ఎక్కువకాలం బతుకుతారు కదా పెద్దమ్మా" అంటావేమో. ఐదేళ్ల సర్వైవల్ అంకెలతో, అంటే జబ్బు తేలాక ఐదేళ్లు బతికి ఉన్నది నూటికి ఎందరన్న లెక్కలతో, చాలా జాగ్రత్తగా ఉండు. ఒకాయనకు 67వ ఏట లక్షణాలు వచ్చి క్యాన్సర్ తేలింది, 70వ ఏట చనిపోయాడు. మూడేళ్లు బతికాడని రాస్తాం. అదే మనిషికి 60వ ఏటే స్క్రీనింగ్‌లో బయటపడి, చికిత్స కూడా జరిగి, అయినా 70లోనే చనిపోయాడనుకో. ఇప్పుడు పదేళ్లు బతికాడని రాస్తాం. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. ఆయనకు ఒక్కరోజు కూడా కలిసి రాలేదు, రోగిగా బతికిన ఏళ్లు మాత్రం పెరిగాయి. దీనికి తోడు, నెమ్మదిగా పెరిగే కణితులు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి కనుక స్క్రీనింగ్‌కు ఎక్కువగా దొరికేవి అవే. వేగంగా పెరిగేవి రెండు పరీక్షల మధ్య పుట్టి, పెరిగి, లక్షణాలతోనే బయటపడతాయి. అందుకే స్క్రీనింగ్‌లో దొరికినవాళ్లను, లక్షణాలతో వచ్చినవాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చిన పేపర్ కనిపిస్తే నమ్మకు.

తొలి దశలో పట్టుకోవడం కూడా దానికదే సరిపోదు. బ్రిటన్‌లో అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ మీద 2 లక్షలకు పైగా మహిళలను గుంపులుగా విడదీసి పోల్చిన పెద్ద ట్రయల్ జరిగింది. సీఏ 125 రక్తపరీక్షతో మొదలుపెట్టి అవసరమైతే అల్ట్రాసౌండ్‌కు వెళ్లే పద్ధతిలో తొలి దశ కేసులు నిజంగానే ఎక్కువ దొరికాయి. 2021లో తుది ఫలితాలు వచ్చాయి. మరణాలు తగ్గలేదు. అన్నేళ్లు ఆగి మరణాలు కూడా లెక్కపెట్టారు కాబట్టి ఆ సంగతి తెలిసింది. దశల దగ్గరే ఆగిపోయి ఉంటే ఈపాటికి ప్రపంచమంతా ఆ పరీక్ష మొదలయ్యేది.

నేను స్క్రీనింగ్‌కు వ్యతిరేకినని అనుకోకు. సరిగ్గా పరీక్షించి చూసినప్పుడు నిలబడినవి ఉన్నాయి, వాటి మీద నాకు ఎంతో గౌరవం. మహారాష్ట్రలోని ధారాశివ్ (అప్పటి ఉస్మానాబాద్) జిల్లాలో లక్షా 30 వేలకు పైగా మహిళలను గ్రామాల గుంపులుగా విడదీసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద ట్రయల్ చేశారు. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష (ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ కోసం చేసేది) చేసిన గుంపులో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. బాగా పొగతాగేవాళ్లలో తక్కువ రేడియేషన్ సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో అమెరికా ట్రయల్ చూపించింది. అందులో 53 వేలమందికి పైగా ఉన్నారు. ఆ సైజు చూశావా? స్క్రీనింగ్ మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అన్ని వేలమంది, అన్నేళ్లు కావాలి. ఒక పీజీ చేతిలో ఉండే రెండేళ్లలో అది కుదరదు. కుదరని ప్రశ్నను నెత్తిన పెట్టుకోవద్దు.

ఇంకో లెక్క కూడా చేసి చూడు. నూటికి ఒకరికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్న వంద మందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వంద మందిలో 95 మందికి లేదనే చెబుతుంది. వినడానికి మంచి పరీక్షే. పది వేలమందికి చేస్తే జబ్బున్న 100 మందిలో 90 మంది పాజిటివ్. జబ్బు లేని 9,900 మందిలో 495 మంది కూడా పాజిటివ్. అంటే పాజిటివ్ వచ్చిన 585 మందిలో నిజంగా జబ్బున్నది 90 మందికే, నూటికి 15 మంది. మిగతావాళ్లకు సూది పరీక్షలు, బయాప్సీలు, నెలల తరబడి టెన్షన్. ఏ పరీక్ష గురించి రాసినా ఈ లెక్కను నీ జనాభాకు తగ్గట్టు వేసి, థీసిస్ మొదటి పేజీల్లోనే పెట్టు.

మరి ఏం చేయాలి? థైరాయిడ్ మీద ఇష్టం ఉంది, మీ యూనిట్‌లో ఆ ఆపరేషన్లు బాగా జరుగుతాయన్నావు. అయితే ఆపరేషన్ అయిన రోగి దగ్గరే నీ ప్రశ్న వెతుక్కో. మొత్తం థైరాయిడ్ తీసేసినప్పుడు వెనుక ఉండే, రక్తంలో కాల్షియంను నిలబెట్టే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులకు రక్తం అందక కాల్షియం పడిపోవడం ఉంది కదా. ఆ పడిపోవడం చాలామందిలో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. మరుసటి రోజే ఇంటికి పంపేస్తే చేతులు తిమ్మిర్లెక్కి, కొంకర్లు పోయి, భయంతో అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తారు. ఆ గ్రంథుల నుంచి వచ్చే పీటీహెచ్ హార్మోన్ మాత్రం రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది. కాబట్టి ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే దాన్ని చూసి ఎవరిని ఉంచాలి, ఎవరిని ధైర్యంగా పంపవచ్చు అని చెప్పగలమా? చాలామంది చేసిన పనే ఇది, కొత్తదనం లేదని ఎవరైనా అంటే పట్టించుకోకు. మీ వార్డులో, మీ ల్యాబ్ కిట్‌తో, మీ రోగుల్లో అది ఎంతవరకు పనిచేస్తుందో తేలడం ఉపయోగమే. రెండేళ్లలో పూర్తవుతుంది, జవాబు వచ్చిన మర్నాటి నుంచే రోగికి పనికొస్తుంది.

ఇది చేస్తే కొన్ని విషయాలు ముందే తేల్చుకో. కాల్షియం పడిపోయిందని దేన్ని అంటావు? రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌ను బట్టి సరిచేసిన అంకెనా, ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉండే అయనైజ్డ్ కాల్షియమా, లక్షణాలు కూడా ఉండాలా? మొదటి రోగిని తీసుకోకముందే రాసిపెట్టు. నా ఓటు లక్షణాలకూ చోటివ్వమనే. అంకె బాగుపడితే మనిషి బాగుపడినట్టేనని నమ్మి దెబ్బతిన్న చరిత్ర మనకుంది. గుండెపోటు తర్వాత వచ్చే అదనపు బీట్లను అణచడానికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ మందులు వాడేవారు. ఈసీజీలో బీట్లు చక్కగా తగ్గేవి. 1989లో కాస్ట్ ట్రయల్ ఫలితాలు వచ్చేసరికి, ఆ మందులు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారని తేలింది.

పీటీహెచ్ ఎంత కన్నా తక్కువైతే ప్రమాదం అనేది కూడా ముందే నిర్ణయించు. డేటా అంతా వచ్చాక అందంగా కనిపించే అంకెను ఏరుకుంటే ఆ అందం నీ రోగుల దగ్గరే ఆగిపోతుంది, పక్క ఆస్పత్రిలో పనిచేయదు. ఇంకో చిక్కుంది. పీటీహెచ్ తక్కువగా ఉందని తెలియగానే డ్యూటీ డాక్టర్ కాల్షియం మొదలుపెడతాడు, దాంతో నువ్వు చూడాలనుకున్నది కనిపించకుండా పోతుంది. రోగికి మందు ఆపమని ఎప్పటికీ అనకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలో యూనిట్ మొత్తానికి ఒకే నియమం పెట్టించు, ఎవరికి ఎంత ఇచ్చారో ప్రతిదీ రాయించు. ఆపరేషన్‌కు ముందు విటమిన్ డి చూడు, మెడ లింఫ్ గ్రంథులు తీసినవాళ్లను విడిగా గుర్తుపెట్టు.

స్టాటిస్టీషియన్‌ను ఇప్పుడే కలువు, డేటా పట్టుకుని చివర్లో పరిగెత్తకు. నీకు ఎన్ని ఆపరేషన్లు కావాలన్నది అసలు ప్రశ్న కాదు, వాటిలో కాల్షియం పడిపోయే కేసులు సరిపడా ఉంటాయా అన్నది చూడాలి. రెండేళ్లలో అన్ని రావని ఆయన చెబితే ప్రశ్న చిన్నది చేసుకో, లేదా ఇంకో సెంటర్‌ను కలుపుకో.

ఫాలో-అప్‌కు రానివాళ్లను లెక్కలోంచి తీసేయడం చాలా థీసిస్‌లలో జరుగుతోంది, అది నాకు అస్సలు నచ్చదు. ఎవరు రాలేదు? బాగున్నవాళ్లా, లేక విసిగిపోయి వేరే చోటికి వెళ్లినవాళ్లా? ఐరోపాలో నార్డిక్ అనే కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) ట్రయల్ జరిగింది, 2022లో ఫలితాలు వచ్చాయి. పిలుపు అందినవాళ్లలో 42 శాతమే పరీక్షకు వచ్చారు. అయినా పిలిచిన అందరినీ ఆ గుంపులోనే ఉంచి లెక్కించారు. వచ్చినవాళ్లు సాధారణంగా ఆరోగ్యం మీద ఎక్కువ శ్రద్ధ ఉన్నవాళ్లే కాబట్టి వాళ్లనే చూస్తే పరీక్ష ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. నువ్వూ మొదటి రోజు ఎంతమందిని తీసుకున్నావో చివరి టేబుల్లో అంతమందీ కనిపించాలి. కాల్షియం లోపం శాశ్వతమా అని తెలియాలంటే ఆరు నెలలు దాటాకా చూడాలి. అందుకే ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకో, రాలేనివాళ్లకు నువ్వే ఫోన్ చెయ్యి.

కన్సెంట్, అంటే రోగి అంగీకారం గురించి కచ్చితంగా చెబుతున్నాను. ఆపరేషన్ రోజు పొద్దున, కడుపు మాడ్చుకుని ట్రాలీ మీద పడుకున్న మనిషి చేత సంతకం పెట్టించకు. ముందురోజు సాయంత్రమో, అడ్మిట్ అయిన రోజో, పక్కన కూర్చుని, ఇంట్లోవాళ్లు వింటుండగా, ఆ రోగి మాట్లాడే భాషలో చెప్పు. వద్దంటే చికిత్సలో రవ్వంత కూడా తేడా రాదని నీ నోటితో అను. ఫారంలో ఆ వాక్యం ఉన్నా చాలామందికి డాక్టర్ కోపగించుకుంటాడేమోనన్న భయం ఉంటుంది. రక్తం ఇంకోసారి ఎందుకు తీస్తున్నావో, ఎంత తీస్తావో కూడా చెప్పు.

ఫలితం నువ్వు అనుకున్నట్టు రాకపోతే కంగారుపడకు. మోకాలి కీళ్ల అరుగుదలకు ఆర్థ్రోస్కోపీ (చిన్న కోతతో కీలులోకి కెమెరా పంపడం) చేసి కడిగి శుభ్రం చేసే ఆపరేషన్ ఎన్నో ఏళ్లు జరిగింది. 2002లో అమెరికాలో 180 మందితో ఒక ట్రయల్ ప్రచురించారు. కొందరికి నిజం ఆపరేషన్, కొందరికి చర్మం మీద కోతలు మాత్రమే. రెండేళ్లు చూసినా నొప్పిలో తేడా లేదు. ఆ "తేడా లేదు" అన్న జవాబు ఎంతోమందిని అనవసరపు ఆపరేషన్ల నుంచి కాపాడింది. నీ పీటీహెచ్ ఎవరినీ సరిగ్గా గుర్తుపట్టలేదని తేలినా అదే రాయి, అంతే శ్రద్ధగా ప్రచురించు. పరిశోధనల ప్లానును ముందుగా నమోదు చేసే ట్రయల్ రిజిస్ట్రీలో మొదటి రోగికి ముందే నమోదు చేసి ఉంటే, తర్వాత ప్రశ్న మార్చమని ఎవరైనా ఒత్తిడి చేసినా నువ్వు గట్టిగా నిలబడగలవు.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు ఆయన సరేనన్న టాపిక్‌ను నేను వద్దన్నానని చెప్పకు. కొరియా లెక్కలు ఆయన ముందు పెట్టి, "సార్, దీన్ని ఇలా మార్చుకుంటే ఎలా ఉంటుంది" అని అడుగు. పెద్ద సర్జన్లకు ఆపరేషన్ తర్వాతి కాల్షియం బెంగ బాగా తెలుసు, వింటారు.

ఆదివారంలోగా నాకు ఒకే ఒక్క పేజీ రాసి పంపు. ప్రశ్న ఒక వాక్యంలో ఉండాలి. ఎవరిని తీసుకుంటావు, ఎవరిని తీసుకోవు, ఏం కొలుస్తావు, ఏయే గంటల్లో, ఏయే రోజుల్లో కొలుస్తావు, అంతే. ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ