విశాఖలో చలికాలం: ముందు ఎండ, తర్వాతే రంగు

కార్తీకం సగం గడిచేసరికి మీ ఉత్తరాలన్నీ ఒకే వరస పడతాయి. గోడ చెమ్మ, గీజరు, రగ్గుల వాసన. నిజానికి మన ఊళ్ళో చలి ఎంతండీ? జనవరి తెల్లవారుజామున ఏ 17, 18 డిగ్రీలో ఉంటుంది, సీసాలో కొబ్బరినూనె పేరుకుంటే చాలు స్వెట్టర్లు దింపేస్తాం (ఆ నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది, అదేం పెద్ద చలి కాదు). అసలు తంటా ఎక్కడంటే, అక్టోబరు నవంబరుల్లో అల్పపీడనాలూ తుపాన్లూ తడిపి వెళ్ళిన ఇల్లు ఆరీ ఆరకముందే చలి వచ్చి పడుతుంది. అందుకే ఈసారి ఏ ప్రశ్న తీసుకున్నా జవాబు తిరిగి తిరిగి ఇల్లు ఆరబెట్టడం దగ్గరికే వస్తోంది, విసుక్కోకండి.

మాస్టారూ, నమస్కారం. మాది పాత డాబా ఇల్లు. ఉత్తరం వైపు పడకగది గోడకి ప్రతి చలికాలం నల్లటి మచ్చలొస్తున్నాయి, రంగు పొలుసుల్లా లేస్తోంది. పోయిన సంక్రాంతికి పుట్టీ పెట్టించి రంగు వేయిస్తే ఉగాదికల్లా పెచ్చులూడిపోయింది. ఈసారి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయిద్దామంటున్నాడు పెయింటరు. వేయించమంటారా?
*ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ*

ఇప్పుడే వద్దమ్మా. తడి లోపల పెట్టుకున్న గోడకి పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ తడి ఎటో ఒకవైపు బయటికి రావాలి కదా, వచ్చేటప్పుడు రంగుని నెట్టుకుంటూ వస్తుంది. పోయినసారి జరిగింది అదే. డబ్బు పెయింటుకి కాదు, ముందు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనుక్కోవడానికి ఖర్చుపెట్టండి. దానికి పెద్ద ఖర్చేం ఉండదు కూడా.

గోడ ముందు నిలబడి మచ్చ ఎక్కడుందో చూడండి. పైనుంచి, అంటే శ్లాబు అంచు దగ్గర మొదలై కిందికి దిగుతుంటే డాబా మీద పని ఉంది. పిట్టగోడా శ్లాబూ కలిసే మూలలో సన్నటి నెర్రె ఉంటుంది, గోరు దూరేంత లేకపోయినా సరే, వాన మొత్తం అందులోంచే తాగుతుంది. తూము దగ్గర ఆకులు అడ్డుపడి నీళ్ళు నిలిచిన మరక కూడా కనిపిస్తుంది. మచ్చ గోడ మధ్యలో ఒక్కచోటే గుండ్రంగా ఉంటే అవతల బాత్రూమో, గోడలో పైపో చూడాలి. కింద నేలనుంచి రెండు మూడడుగుల ఎత్తుదాకా పాకి, అక్కడ తెల్లగా ఉప్పులా పూస్తుంటే అది నేల చెమ్మ. బయట ఆ గోడకి ఆనుకుని పూలమొక్కలకని మట్టి పోశారేమో చూసుకోండి, చాలా ఇళ్ళల్లో దొంగ అక్కడే దొరుకుతాడు. మట్టి తీసేసి, నీళ్ళు గోడకి దూరంగా పోయేలా వాలు పెట్టించండి.

ఇంకా అనుమానంగా ఉంటే ఒక చిన్న పరీక్ష. అడుగు చదరం పాలిథిన్ కాయితం తీసుకుని నాలుగువైపులా టేపు వేసి గోడకి గట్టిగా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. కాయితం లోపలివైపు, అంటే గోడని తాకే వైపు నీటిచుక్కలు పడితే తడి గోడలోదే. గదివైపు పడితే గోడ తప్పులేదు, గదిలో గాలి ఆడట్లేదని అర్థం.

ఉత్తరం గోడకే ఎందుకంటారా? సెప్టెంబరు ఆఖరునుంచి మార్చి మూడో వారందాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, మన ఊరు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ ఆర్నెల్లూ ఉత్తరం గోడకి నేరుగా ఎండ సోకదు. వానాకాలం తాగిన నీళ్ళు దిగమింగుకుని అలాగే కూర్చుంటుంది. దానికి తోడు మనం ఆ గోడకే బీరువా ఆనించి పెడతాం! దాన్ని ఒక జానెడు ముందుకి జరపండి, వెనక గాలి ఆడాలి. దక్షిణం కిటికీ ఉంటే మీ అదృష్టం, డిసెంబరులో మధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగా గదిలోపలిదాకా వస్తుంది, కర్టెన్లు కట్టేసి రానివ్వండి.

నల్లమచ్చలు బూజు. పొడిచీపురుతో దులిపారంటే ఇల్లంతా చల్లినట్టే. లీటరు నీళ్ళలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీళ్ళతో గుడ్డ తడిపి తుడవండి, పావుగంట ఆగి మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. చేతికి గ్లౌజులు, కిటికీ తెరిచి. అందులో బాత్రూము యాసిడ్ మాత్రం పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

పని వరస చెబుతాను. ఈ వానలు వెళ్ళాక డాబా నెర్రెలు పూడ్పించండి, లోపల పెచ్చులు ప్లాస్టరు దాకా గీకించి అలా వదిలేయండి. ఫ్యాను పెట్టండి, పగలు తలుపులు తీయండి. సంక్రాంతికి గోడ అలా గీకి ఉంటే చుట్టాలు ఏమనుకుంటారో అనేదే కదా మీ టెన్షను? ఆ ఒక్క గోడకీ సున్నం కొట్టించండి, గీకిన ప్లాస్టరు మీద బాగానే పడుతుంది, పైగా తడిని లోపల బంధించదు. పాలిథిన్ పరీక్షలో పొడిగా తేలిన తర్వాతే పుట్టీ, ప్రైమరు, రంగు. అది మార్చి అయినా సరే. పెయింటరుకి సంక్రాంతి సీజను ముఖ్యం, మీకు గోడ ముఖ్యం.

సార్, గీజరు వేసినప్పుడు నల్లా పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. లోపల గరగరమని చప్పుడు కూడా వస్తోంది. మాది బోరు నీరు. చలికాలం మొదలవుతోంది, సర్వీసు చేయిస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా?
*ఒక పాఠకుడు, గాజువాక*

బాబూ, సర్వీసు సంగతి తర్వాత, ముందు ఆ గీజరు ప్లగ్గు పీకెయ్. మెయిన్ దగ్గర దాని ఎం.సి.బి. స్విచ్చు కూడా దించు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఇంట్లో ఎవ్వరూ దాన్ని వేయకూడదు, "కొంచెమే కదా కొడుతోంది" అని అసలు అనొద్దు. తడి ఒంటితో, తడి నేలమీద నిలబడి ఉంటాం, ఆ కొంచెమే ప్రాణం తీస్తుంది.

జివ్వుమంటోందంటే రెండు తప్పులు ఒకేసారి జరుగుతున్నాయని. లోపల కాయిల్ తొడుగు తినేసి కరెంటు నీళ్ళలోకి వస్తోంది, అది ఒకటి. ఎర్తింగ్ సరిగా లేదు, అది రెండోది, పెద్దది. ఎర్త్ బాగుంటే ఆ కరెంటు అటు పోయేది, నీ చేతిలోకి వచ్చేది కాదు. కాబట్టి కొత్త గీజరు కొనేసినంత మాత్రాన పని అయిపోదు. ఎర్త్ గుంట చూపించు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించు. మామూలు ఎం.సి.బి. వైర్లని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఇది. ప్లగ్గు 16 ఆంపియర్లదేనా చూసుకో, 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే కరిగిపోతుంది.

గరగర చప్పుడు ఉప్పునీళ్ళ పుణ్యం. కాయిల్ మీద సున్నంలా గార కడుతుంది, దానికింద నీళ్ళు చిక్కుకుని మరుగుతాయి. గార తీయించొచ్చు. తీసేటప్పుడు మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూపించమను, ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోవడమే దాని పని, బోరు నీళ్ళకి త్వరగా అరుగుతుంది. ట్యాంకే కారుతుంటే మాత్రం రిపేరు మీద డబ్బు తగలేయకు. బాగయ్యాక థర్మోస్టాట్ 50, 55 దగ్గర పెట్టుకో, ఎంత వేడి పెంచితే అంత గార. 15 లీటర్లు కాగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు, కరెంటు అర యూనిట్ పైచిలుకు. పొద్దున్నే వేసి మర్చిపోయేవాళ్ళకే బిల్లు వాస్తుంది.

ఈలోపు స్నానాలకి పొయ్యిమీద కాచుకోండి. బకెట్లో వేసే హీటరు రాడ్డు వద్దు, ఎర్త్ లేని ఇంట్లో అసలే వద్దు.

మాస్టారు గారికి, నేను విశాఖనుంచి బదిలీ మీద చింతపల్లి వచ్చాను. అద్దెకి రేకుల ఇల్లు దొరికింది. వాన లేదు ఏమీ లేదు, తెల్లారేసరికి రేకులనుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు మంచం మీద పడుతున్నాయి. చిల్లులు వెతికితే లేవు. రాత్రి కుంపటి పెట్టుకుంటే తగ్గుతుందని పక్కింటివాళ్ళు అంటున్నారు.
*ఒక టీచరు*

టీచర్ గారూ, ముందు కుంపటి మాట. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. ఎర్రగా, పొగ లేకుండా ఉన్న నిప్పులే ఇంకా మోసం, వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్ళకి అదీ తెలియదు. సాయంత్రం వరండాలో పెట్టుకుని కాళ్ళూ చేతులూ కాచుకోండి, హాయిగా ఉంటుంది. పడుకునేముందు మాత్రం అది బయటే ఉండాలి. ఇదే మాట విశాఖలో బాత్రూముల్లోపల గ్యాస్ గీజరు పెట్టుకున్నవాళ్ళకి కూడా చెబుతున్నాను.

ఇక ఆ నీళ్ళు మీరు వదిలిన ఊపిరే. మీ వైపు, లంబసింగి వైపు చలి తెలిసిందే, ఒక్కో రాత్రి సున్నా దరిదాపులకి పోతుంది. మబ్బు లేని రాత్రి రేకు తన వేడంతా ఆకాశానికి వదిలేసి గాలికన్నా చల్లబడిపోతుంది. మన ఊపిరి, వంట ఆవిరి, గదిలో ఆరేసిన తడిబట్టలు, అన్నిట్లోని చెమ్మా పైకి వెళ్ళి ఆ రేకుకి తగిలి నీరవుతుంది. మీరేమో చలికి భయపడి ప్రతి సందులోనూ గుడ్డలు కుక్కి ఉంటారు! పైన, గోడా రేకూ కలిసేచోట సందుంటే దాన్ని తెరిచే ఉంచండి, చలిగాలి మంచం ఎత్తులో కొట్టకపోతే చాలు. బట్టలు బయట ఆరేయండి, అన్నం వండేటప్పుడు కిటికీ తీయండి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే రేకుకి ఒక జానెడు కింద వెదురు తడిక కట్టించండి. అప్పుడు గదిలో వెచ్చటి గాలి నేరుగా రేకుని తాకదు, ఒకటీ అరా బొట్టు పడినా తడిక పీల్చుకుంటుంది, మధ్యాహ్నం ఆరిపోతుంది. చవకని థర్మాకోల్ కొట్టిస్తామంటారు, పొయ్యి ఉన్న గదిలో వద్దు, అంటుకుంటే ఆపలేరు.

మంచం కూడా గోడకి కొంచెం ఎడంగా వేసుకోండి.

రగ్గులు, రజాయిలు అటకమీంచి దింపాం, ముక్క వాసన. ఇంట్లో పసిబిడ్డ ఉంది. కలరా ఉండలు వేసి ఉంచాం, ఉతక్కుండా వాడొచ్చా?
*ఒక అమ్మమ్మ, మధురవాడ*

వద్దండి. కలరా ఉండల్లో చాలావాటిలో నాఫ్తలిన్ ఉంటుంది, కొందరు పసిబిడ్డలకి పుట్టుకతో జి.సిక్స్.పి.డి. అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, అలాంటివాళ్ళకి ఆ వాసనే రక్తకణాలు విరిగేలా చేస్తుంది, పచ్చకామెర్లదాకా వస్తుంది. బిడ్డ దుప్పట్లు ఉతికి, డాబా మీద మంచి ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే కప్పండి. రజాయి ఉతకలేకపోతే వరసగా కొన్నాళ్ళు మధ్యాహ్నం ఎండలో తిరగేస్తూ వేయండి, మంచు దిగకముందే, నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయాలి. వచ్చే ఏడు ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టుకోండి.

చలికాలం వస్తే మా ఇంట్లో నేలమీద, కిటికీ ఊచలమీద నల్లదుమ్ము రెట్టింపు అవుతోంది. నాన్నగారికి ఆయాసం. కిటికీలు పూర్తిగా మూసేస్తే గోడలు చెమ్మ పడుతున్నాయి. ఏం చేయమంటారు?
*ఒక పాఠకురాలు, కంచరపాలెం*

పూర్తిగా మూయొద్దమ్మా, వేళ చూసి తీయండి. మన ఊరు అటు సింహాచలం కొండలు, ఇటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలా ఉంటుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, దానిమీద వెచ్చగాలి మూతలా కూర్చుంటాయి. పొగా దుమ్మూ పైకి పోలేక మన ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక ఆ మూత లేస్తుంది, తర్వాత సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. కాబట్టి పొద్దున్న లేవగానే తలుపులు బార్లా తీసే అలవాటు ఈ మూడు నెలలూ మానుకోండి. పదింటినుంచి మూడు, నాలుగు దాకా తీయండి, గాలిలో చెమ్మ కూడా రోజు మొత్తంలో అప్పుడే తక్కువ. పొద్దు గూకకముందే మూసేయండి.

దుమ్ముని చీపురుతో ఊడవకండి, లేచి మళ్ళీ నాన్నగారి ఛాతీలోకే పోతుంది, తడిగుడ్డ పెట్టండి. ఫ్యాను రెక్కల మీద కూడా. ఆయన తెల్లవారి నడకకి వెళ్తుంటే దాన్ని సాయంత్రానికి మార్చండి, సముద్రగాలి ఆగకముందు, చీకటి పడేలోపు. ఆయాసం మందుల సంగతి చలి ముదరకముందే డాక్టరుగారికి ఒకసారి చూపించి అడగండి. ఏసీ ఉంటే దాని ఫిల్టరు కడిగి, గంటసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపి ఆరబెట్టాకే సీజనుకి ఆపండి. లేకపోతే ఫాల్గుణంలో మొదటిసారి వేసినప్పుడు లోపలి బూజంతా ఆయన మంచం మీదికే వస్తుంది.