మద్దెల నిజంగానే ఓడైనప్పుడు

బిడ్డా,

ఆదివారం ఫుట్‌బాల్ సెమీఫైనల్ అయ్యాక నువ్వు లోకల్ చానల్ మైకు ముందు మాట్లాడిన వీడియో నాకు ముగ్గురు పంపారు. మూడుసార్లూ మొత్తం చూశాను. అప్పుడే ఫోన్ చేద్దామనుకుని ఆగాను, ఎందుకంటే ఓడిన రాత్రి ఎవరేం చెప్పినా చెవికెక్కదు. మూడు రోజులు గడిచాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నాకు నీ మీద కోపం లేదు. పన్నెండేళ్లప్పుడు చెప్పుల్లేకుండా మా గ్రౌండ్‌కి వచ్చిన పిల్లాడివి, ఇవాళ ఇరవై మంది పిల్లలకి కోచ్‌వి అయ్యావు, నీ మాట పట్టించుకోకపోతే ఇంకెవరి మాట పట్టించుకుంటాను?

గ్రౌండ్ బురదగా ఉందన్నావు. వాళ్లకి రెండు రోజులు రెస్ట్ దొరికితే మనకి ఒక్క రోజే దొరికిందన్నావు. పెనాల్టీ అన్యాయమన్నావు. ఆఖర్న, ఆ మొదటి బంతిని మన కీపర్ పట్టాల్సింది అని కూడా అన్నావు. నేను గోల్‌పోస్ట్ వెనకే నిలబడి చూశాను. బురద నిజం, రెస్ట్ సంగతి నిజం, పెనాల్టీ దగ్గర మన కుర్రాడి కాలు ముందు బంతికే తగిలింది, అదీ నిజం. కీపర్ ఆ బంతి పట్టి ఉండొచ్చు, అది కూడా నిజమే.

అయినా ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ నువ్వు అక్కడ అనకూడదు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, దాన్ని అందరూ అబద్ధపు సాకులు చెప్పేవాడి మీద వాడతారు. ఇన్నేళ్లు కుర్రాళ్ల మధ్య గడిపాక నాకు అర్థమైందేమిటంటే, అబద్ధపు సాకు వల్ల పెద్ద నష్టం లేదు, చెప్పినవాడికే లోపల తెలిసిపోతుంది, రెండు రోజుల్లో వదిలేస్తాడు. మద్దెల నిజంగానే ఓడైనప్పుడే అసలు చిక్కు. నిజమైన సాకుని మనిషి వదలడు, ఎవరు కనిపించినా రుజువు చూపిస్తాడు, ఫోన్లో ఆ పెనాల్టీని వెనక్కీ ముందుకీ తిప్పి చూపిస్తూ ఉంటాడు, ఆ పనిలో పడి తన జట్టు రెండో గోల్ ఎలా తిన్నదో చూడటమే మర్చిపోతాడు. నీ వీడియోలో రెండో గోల్ గురించి ఒక్క మాట లేదు. అది కార్నర్ నుంచి వచ్చింది. దగ్గరి పోస్ట్ దగ్గర మనవాడు ఒక్కడూ లేడు. లీగ్ దశలో కూడా అచ్చం అలాంటిదే ఒకటి తిన్నాం, గుర్తుందా?

రహీం సాబ్ గురించి నీకు చాలాసార్లు చెప్పాను, ఈ కోణంలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మన హైదరాబాద్ మాస్టారు, ఇండియా ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించినవారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి ఇండియా జట్టుని తీసుకెళ్తే మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టింది. తర్వాతి మ్యాచ్ థాయ్‌లాండ్ మీద గెలిచారు గానీ డిఫెన్స్‌కి వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. మన జట్టుతో సంబంధం లేని గొడవ ఒకటి వచ్చి ఊరు ఊరంతా మనవాళ్ల మీద మండిపడుతోంది, ఆ గేమ్స్‌కి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన దేశపు అధికారి సోంధీ తప్పుపట్టారని. సాకు కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? అన్నీ నిజమైనవే. ఆయన ఏం చేశారంటే, తలకి కుట్లున్న డిఫెండర్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో పెట్టారు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లో మళ్లీ కొట్టాడు. ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఎవరు? మొదటి రోజు కొట్టిన ఆ కొరియానే. లక్ష మంది మనవాళ్లని గేలి చేస్తుంటే 2-1తో గెలిచారు. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా పాడైంది, మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. మా సీనియర్లు ఈ కథ చెప్పినప్పుడల్లా గోల్స్ గురించే చెప్పేవారు. నాకు మాత్రం ఆ ఓడిన మొదటి మ్యాచ్‌కీ ఫైనల్‌కీ మధ్య ఉన్న రోజులే గొప్పగా కనిపిస్తాయి.

ఇక రెండో రకం కోచ్. 2023 మే 31న బుడాపెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్, రోమా మీద సెవియ్యా పెనాల్టీల్లో గెలిచింది. అంతకుముందు ఆడిన ఐదు యూరప్ ఫైనల్సూ గెలిచిన రోమా కోచ్ మౌరీన్యోకి అది మొదటి ఓటమి. సెవియ్యావాడి చేతికి బంతి తగిలినా హ్యాండ్‌బాల్ ఇవ్వలేదని ఆయన బాధ, దాంట్లో కొంత న్యాయం లేకపోలేదు. తన మెడలో వేసిన రన్నరప్ పతకాన్ని స్టాండ్స్‌లోకి విసిరేశాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, కార్ పార్కింగ్ దాకా వెళ్లి రిఫరీ ఆంథొనీ టేలర్‌ని బూతులు తిట్టాడు. మర్నాడు టేలర్ కుటుంబంతో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే రోమా అభిమానులు చుట్టుముట్టారు, కుర్చీ కూడా విసిరారు. ఆ కుర్చీని మౌరీన్యో విసరలేదు, నాకు తెలుసు. కానీ పెద్దవాడు తిట్టిన మనిషిని కొట్టడానికి చిన్నవాళ్లకి ధైర్యం వస్తుంది. యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ మౌరీన్యోకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది, టేలర్ ఇంటివాళ్లు ఆ ఎయిర్‌పోర్ట్‌లో పడ్డ భయాన్ని ఏ నిషేధం తీసేస్తుంది?

మన మ్యాచ్‌కి వచ్చిన రిఫరీకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మ్యాచ్‌కి ఇంత అని ఇచ్చే చిన్న మొత్తం కోసం ఎండలో తొంభై నిమిషాలు పరిగెత్తి బైక్ మీద ఒంటరిగా ఇంటికి వెళ్తాడు. నువ్వు పేరు పెట్టి అన్నావు బిడ్డా. ఆ వీడియో కింద జనం ఏం రాశారో చదివావా?

నేనూ చేశాను ఇలాంటిది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. నాకు ముప్పై రెండేళ్లప్పుడు ఒక ఊళ్లో కప్ ఫైనల్, ఆఖరి నిమిషంలో పెనాల్టీతో ఓడాం. నా దృష్టిలో అది పెనాల్టీ కాదు, ఇవాళ్టికీ కాదు. అందర్నీ బస్సెక్కించి, బహుమతుల కార్యక్రమానికి ఉండకుండా తీసుకొచ్చేశాను. అప్పుడు అది రోషం అనుకున్నాను. మా కెప్టెన్ తండ్రి రోజు కూలీ మానుకుని, ఆర్డినరీ బస్సులో మూడు గంటలు ప్రయాణం చేసి కొడుకు స్టేజీ ఎక్కడం చూద్దామని వచ్చాడట, ఆ సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. ఆయన ఖాళీ స్టేజీ చూసి వెళ్లిపోయాడు. ఆ పిల్లాడికి రావాల్సిన రన్నరప్ పతకం కోసం తర్వాత నేను రెండుసార్లు తిరిగాను, దొరకలేదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, తర్వాతి ఏడాది ఒక మామూలు త్రో-ఇన్ దగ్గర మా పిల్లలు నలుగురు రిఫరీని చుట్టుముట్టారు, ఇద్దరికి రెడ్ కార్డ్. వాళ్లని తిట్టబోయి ఆగిపోయాను. ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలుసు.

ఇప్పుడు కీపర్ మాట. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అదే, బురద గురించి ఎంత మాట్లాడినా బురద ఏడవదు. 2021 యూరో ఫైనల్ వెంబ్లీలో ఇంగ్లండ్ పెనాల్టీల్లో ఇటలీ చేతిలో ఓడింది. ఆఖరి కిక్ మిస్ చేసిన సాకాకి అప్పటికి పంతొమ్మిదేళ్లు. కోచ్ సౌత్‌గేట్ బయటికి వచ్చి, కిక్స్ ఎవరు కొట్టాలో నిర్ణయించింది నేను, బాధ్యత నాది అన్నాడు. 1996లో పాత వెంబ్లీలో జర్మనీ మీద సెమీఫైనల్లో పెనాల్టీ మిస్ చేసినవాడు ఆయన, ఆ రాత్రి ఎలా ఉంటుందో ఆయనకి చెప్పక్కర్లేదు. కిక్స్ మిస్ చేసిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లని జనం ఆన్‌లైన్లో ఎంత నీచంగా తిట్టారో నువ్వూ చూశావు. కోచ్ కూడా ఒక వేలు చూపించి ఉంటే ఏమయ్యేది? బ్రెజిల్ 2014లో సొంత దేశంలో జర్మనీ చేతిలో 7-1తో ఓడినప్పుడు నెయ్‌మార్ లేడు, థియాగో సిల్వా లేడు, అయినా కోచ్ స్కొలారి తప్పు నాదే అన్నాడు. కోచ్ అన్నవాడి జీతంలో ఆ మాట కూడా ఉంటుంది.

అలాగని అన్యాయం జరిగితే నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. రాయి. మర్నాడు, తల చల్లబడ్డాక, మ్యాచ్ కమిషనర్‌కో అసోసియేషన్‌కో వీడియో జతచేసి ఒక పేజీ రాయి, క్లబ్ సంతకంతో పంపు. దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకు. మధ్యలో మాత్రం పిల్లల్ని గ్రౌండ్ నుంచి బయటికి తీసుకురాకు. 2023 మార్చిలో బెంగళూరులో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్ గుర్తుంది కదా, కేరళ బ్లాస్టర్స్ వాళ్లు ఇంకా అడ్డంగా గోడలా నిలబడుతుండగానే బెంగళూరు ఛెత్రీ ఫ్రీకిక్ కొట్టి గోల్ చేసేశాడు, కేరళ కోచ్ వుకోమనోవిచ్ జట్టునంతా బయటికి పిలిచేశాడు. ఇంకా ఇరవై నిమిషాలకి పైగా ఆట ఉంది, ఒక్క గోలే తేడా! క్లబ్‌కి నాలుగు కోట్ల జరిమానా, కోచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం. ఆ గోల్ సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు, ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఆటగాళ్లకి ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఓడిన గంటలో చేయాల్సినవి పెద్దగా ఏమీ ఉండవు. విజిల్ మోగగానే అవతలి కోచ్ దగ్గరికి నువ్వే నడిచి వెళ్లు, ఆయన వచ్చేదాకా ఆగకు. తర్వాత రిఫరీకి, ఇద్దరు లైన్స్‌మెన్‌కి చెయ్యి ఇవ్వు, ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. లోపల డ్రెస్సింగ్ రూమ్‌లో ఉపన్యాసం వద్దు, ఆ టైమ్‌లో ఎవరికీ ఎక్కదు, నీళ్ల బాటిళ్లు నువ్వే అందించు. మైకు వాళ్లు పిలిస్తే పది నిమిషాలు అడుగు, ఇస్తారు. మొహం కడుక్కో. మూడు వాక్యాలు చాలు: వాళ్లు బాగా ఆడారు, మా పిల్లలు శక్తికి మించి ఆడారు, గోల్స్ ఎందుకు తిన్నామో నేను చూసుకోవాలి. ఇందులో "కానీ" అనే మాట రాకుండా చూసుకో. "వాళ్లకి అభినందనలు, కానీ..." అన్నావంటే అంతకుముందు చెప్పిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. రిఫరీ గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు, వాళ్ల ఉద్యోగం అది, "ఆయన పని ఆయన చేశాడు" అని ముగించు.

గెలిచినప్పుడు ఏం చేస్తావన్నది కూడా ఇందులో భాగమే అని నా నమ్మకం. 1999 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్‌లో షెఫీల్డ్ యునైటెడ్ దెబ్బ తగిలిన తమవాడి కోసం బంతి బయటికి కొడితే, ఆర్సెనల్ దాన్ని తిరిగి వాళ్లకి ఇవ్వకుండా గోల్ చేసి 2-1తో గెలిచింది. నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు. అయినా ఆర్సెనల్ కోచ్ వెంగర్ అప్పటికప్పుడు మళ్లీ ఆడదామన్నాడు, పది రోజులకి మళ్లీ ఆడారు. మళ్లీ 2-1తోనే గెలిచారు. ఓడిపోయే అవకాశం చేతులారా తెచ్చుకున్నాడు ఆ మనిషి, నాకు ఆయనంటే గౌరవం ఆ రోజు నుంచి.

రేపు సాయంత్రం కీపర్ ఇంటికి వెళ్లు. ఫోన్‌లో చెప్తే చాలదు, మనిషివి వెళ్లు. వాళ్ల నాన్న ఆ వీడియో చూసే ఉంటాడు, ఆయన ముందే పిల్లాడికి సారీ చెప్పు, టీ ఇస్తే తాగి రా. రిఫరీ నంబర్ అసోసియేషన్ వాళ్ల దగ్గర దొరుకుతుంది, అతనికీ ఒక మాట చెప్పు, ఆ వీడియో తీసేయమని చానల్ వాళ్లని నేను కూడా అడుగుతాను.

శనివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి వస్తున్నాను. పది పన్నెండు బంతులకి గాలి కొట్టించి ఉంచు. కార్నర్లు నేను కొడతాను, దగ్గరి పోస్ట్ దగ్గర ఎవర్ని నిలబెట్టాలో నువ్వు ఆలోచించుకుని రా.