కొత్త కార్యాలయం తలుపుల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మాదాపూర్‌లో రెండు అంతస్తులు లీజుకు తీసుకుని కోవర్కింగ్ స్పేస్, అంటే పలువురు అద్దెకు తీసుకుని పనిచేసుకునే ఉమ్మడి కార్యాలయం, తెరుస్తున్నావనీ, తలుపులకు ఏ యాక్సెస్ సిస్టమ్ (ఎవరికి తలుపు తెరవాలో చూసుకునే ఏర్పాటు) పెట్టాలో చెప్పమనీ రాశావు. నువ్వు పంపిన కొటేషన్లన్నీ చదివాను. వాటిలో యంత్రాల వర్ణన బాగానే ఉంది గానీ, అక్కడికి రాబోయే మనుషుల ప్రస్తావన ఎక్కడా లేదు. భవనాల నిర్వహణలోనే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ని కనుక నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒకే కంపెనీ ఉన్న కార్యాలయంలో, ఉద్యోగంలో చేరిన రోజు కార్డు ఇచ్చి మానేసిన రోజు వెనక్కి తీసుకుంటే సరిపోయేది. నీ దగ్గరకు నెలవారీ డెస్క్ తీసుకున్నవాళ్లు, ఒక్క రోజు పాస్ మీద వచ్చేవాళ్లు, గంటసేపు మీటింగ్ రూమ్ బుక్ చేసుకున్నవాళ్లు, తమ క్యాబిన్‌లోకి మరెవరూ రాకూడదనే చిన్న కంపెనీలవాళ్లు, అమెరికా వేళల్లో రాత్రంతా పనిచేసేవాళ్లు, అందరూ ఒకే గుమ్మం గుండా వస్తారు. కాబట్టి ఎవరికి ఏ తలుపు, ఏ వేళల్లో తెరుచుకోవాలో ముందు కాగితం మీద రాసుకో. ఆ అనుమతి ఎవరి మాట మీద, ఎప్పుడు రద్దవుతుందో కూడా రాయి. నేను చూసినంతలో ఇబ్బందులు ఎక్కువగా వచ్చింది వెళ్లిపోయినవాళ్ల దగ్గర మిగిలిపోయిన కార్డుల వల్లే. సభ్యత్వం ముగిసిన క్షణమే తలుపు అనుమతి కూడా తనంతట తాను ఆగిపోయేలా నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే సిస్టమ్‌నే తీసుకో. తమ ఉద్యోగి మానేస్తే పేరు తొలగించుకునే వీలు ఆయా కంపెనీలకే ఇవ్వు.

అన్నిటికన్నా చౌక కొటేషన్‌లో ఉన్న 125 కిలోహెర్ట్జ్ కార్డులు (పాత తరహా రేడియో కార్డులు) వద్దు. ఎవరడిగినా తన పేరు చెప్పేసే పసివాడిలా ఆ కార్డు ఏ రీడర్ దగ్గరకు వెళ్లినా తన నంబరు చెప్పేస్తుంది. చేతిలో ఇమిడే చవక పరికరంతో దానికి నకలు తీయవచ్చు. మైఫేర్ క్లాసిక్ అనే మరో రకం కార్డుల రహస్య సంకేత పద్ధతిని కూడా నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. కార్డే కావాలంటే వాటికన్నా గట్టి రక్షణ ఉన్న డెస్‌ఫైర్ రకం అడుగు. ఫోన్‌తో తెరిచే పద్ధతి నీ వ్యాపారానికి ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే పాస్ ఇవ్వడం, రద్దు చేయడం కూర్చున్న చోటి నుంచే అవుతాయి, పైగా కార్డు ఇచ్చినంత తేలిగ్గా ఎవరూ తమ ఫోన్ ఇంకొకరి చేతిలో పెట్టరు. అయినా బ్యాటరీ అయిపోయినవాళ్ల కోసం, హౌస్‌కీపింగ్ సిబ్బంది కోసం కొన్ని కార్డులు ఉంచు. మీ భవనం లాబీలో యజమాని పెట్టిన ఫ్లాప్ గేట్లు (కార్డు చూపితే రెక్కలు తెరుచుకునే గేట్లు) ఉంటే, వాటికీ నీ తలుపులకూ ఒకే కార్డు పనిచేస్తుందా అని లీజు సంతకానికి ముందే అడుగు. లేకపోతే నీ సభ్యులు రోజూ రెండు కార్డులు మోయవలసి వస్తుంది.

ముఖం చూసి తెరిచే యంత్రం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ముఖ్యద్వారానికి అదొక్కటే దారిగా పెట్టవద్దు. కార్డు పోతే ఇంకొకటి ఇవ్వగలం, ముఖం వివరాలు బయటికి పొక్కితే ఇంకో ముఖం ఇవ్వలేం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతి తీసుకునేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉండాలి, అవసరం తీరాక ఆ వివరాలు తుడిచివేయాలి. మరో దారి లేని చోట అడిగే సమ్మతిని మనస్ఫూర్తిగా ఇచ్చిందని ఎలా అంటాం? రాకపోకల వివరాలదీ అదే సంగతి. ఏదో ఒక కంపెనీ తన ఉద్యోగులు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్లారో చెప్పమని తప్పక అడుగుతుంది. ఎవరికి ఏమి చూపిస్తావో, ఎన్నాళ్లు ఉంచుతావో సభ్యత్వ ఒప్పందంలోనే రాసిపెట్టు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది బయటికి వెళ్లే దారి. గాజు తలుపులకు వేసే అయస్కాంత తాళం కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది. అందుకే దానికి బ్యాటరీ పెడతారు. ఆ బ్యాటరీ వల్లే అగ్నిప్రమాదంలో కూడా తలుపు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఫైర్ అలారం మోగగానే సాఫ్ట్‌వేర్‌తోనూ ఇంటర్నెట్‌తోనూ సంబంధం లేకుండా, తాళానికి వచ్చే కరెంటు, బ్యాటరీతో సహా, నేరుగా తీగ ద్వారా తెగిపోవాలి. తలుపు లోపలి వైపు చేతికందే ఎత్తులో ఆకుపచ్చ అత్యవసర మీట ఉండాలి, అది కూడా కరెంటును నేరుగా తెంచేదే కావాలి. దొంగల భయంతో ఎవరైనా కరెంటు పోయినా బిగుసుకునే ఉండే తాళం సూచిస్తే, అది లోపలి నుంచి హ్యాండిల్ తిప్పగానే తెరుచుకునేదైతే తప్ప, బయటికి వెళ్లే దారిలో పెట్టనివ్వకు. అడ్వాన్సు ఇచ్చే ముందు నీ ఎదుటే ఇంటర్నెట్ కేబుల్ తీయించి, అప్పుడు కూడా సభ్యులకు తలుపు తెరుచుకుంటోందో లేదో చూడు. అనుమతుల జాబితా క్లౌడ్‌లోనే కాక తలుపు దగ్గర తాళాన్ని నడిపే పెట్టెలో (కంట్రోలర్‌లో) కూడా ఉంటేనే అది సాధ్యం. ఆ తర్వాత అలారం మోగించి చూడు. ఈ రెండు పరీక్షలకూ వెనకాడే వెండర్‌కు పని ఇవ్వకు.

సిస్టమ్ వచ్చిందని రాత్రి గార్డును మానిపించవద్దు. ఒకరు తెరిచిన తలుపులోంచి వెనకే ఇంకొకరు దూరితే గమనించడానికి, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్ కోసం చూసే ఆడపిల్లలకు ధైర్యంగా ఉండడానికి మనిషి కావాలి.

కార్డులను గుర్తుపట్టే రహస్య సంకేతాలు (కీస్), సభ్యుల జాబితా నీవేనని, ఒప్పందం ముగిసినా నీకే అప్పగించాలని వెండర్ చేత రాయించుకో. భవన యజమాని దగ్గర ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) ప్రతి, ఫైర్ అలారాన్ని నడిపే ప్యానెల్ వైరింగ్ డ్రాయింగ్ తీసుకుని నాకు పంపు. అవి చూశాక ఏ తలుపుకు ఏ తాళమో విడిగా రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య