గ్రాములను గ్లాసుల్లోకి ఎలా మార్చాలి? ఆవకాయ ఉప్పుతో నాకు తెలిసొచ్చిన లెక్క

కిలో మామిడి ముక్కలకు ఆవపొడి, కారం, ఉప్పు తలా 200 గ్రాములు వేయమన్నారని, ఇంట్లో కాటా లేదు కాబట్టి మూడూ ఒక్కో గ్లాసు వేసేయవచ్చా అని అడిగారు. వద్దండి. అలా వేస్తే ఉప్పు ఎక్కువవుతుంది, ఆవపొడి, కారం సగానికి పడిపోతాయి.

మా ఇంట్లో స్టీలు గ్లాసుకు 210 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. ఆ గ్లాసుతోనే తలగొట్టి కొలిచి, ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి చూశాను. మెత్తటి ప్యాకెట్ ఉప్పు 250 గ్రాములు తూగింది. కారం, ఆవపొడి మాత్రం వంద గ్రాముల దగ్గరే ఆగిపోయాయి. అంటే మీ లెక్కకు ఆవపొడి రెండు గ్లాసులు, కారం రెండు గ్లాసులు, మెత్తటి ఉప్పయితే ముప్పావు గ్లాసు మీద కాస్త.

ఈ తూకాలు వేసి చూడడానికి ఒక కారణం ఉంది. మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టినప్పుడు అమ్మ ఫోన్లో కొలత చెప్పింది: ఎనిమిది గ్లాసుల ముక్కలకు రెండు ఆవపొడి, రెండు కారం, ఒకటి ఉప్పు. అచ్చం అలాగే వేశాను. మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తే నోట్లో పెట్టలేకపోయాం. ఏడాదికని పెట్టిన పచ్చడి, చాలా బాధేసింది. అమ్మ కొలతలో తప్పేమీ లేదు. ఆవిడ వేసేది ఎండబెట్టి బరకగా దంచిన కల్లుప్పు. అది గ్లాసుకు 200 గ్రాములే వస్తుంది. నేను వేసింది మెత్తటి ఉప్పు, అదే గ్లాసులో 50 గ్రాములు ఎక్కువ. చివరికి మరో పావుకిలో ముక్కలు కొట్టించి, అర గ్లాసు చొప్పున ఆవపొడి, కారం, సరిపడా నూనె ఉప్పు లేకుండా కలిపి అందులో వేస్తే సర్దుకుంది. ఎక్కువైతే ఇలా సర్దుకోవచ్చు, తక్కువైతే మాత్రం బూజు పడుతుంది. అందుకే ఉప్పు దగ్గర ఉజ్జాయింపు పనికిరాదు.

కాటా లేకపోతే ప్యాకెట్లనే తూకంగా వాడుకోండి. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పి మీ గ్లాసుతో ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. నాలుగు గ్లాసులు వస్తే గ్లాసుకు 250. కారం 200 గ్రాముల ప్యాకెట్ కొంటే కొలవాల్సిన పనే లేదు. ఆవాలు కిరాణా కొట్లో 200 గ్రాములు తూయించుకుని ఇంట్లో పొడి కొట్టుకోవచ్చు. నూనె దగ్గర కూడా చూసుకోండి: లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములు అని ఉంటుంది. అరకిలో నూనె అన్నారంటే అర లీటరు మీద ఇంకో 50 మిల్లీలీటర్లు పోయాలి.

కేకుల సంగతి కూడా ఇంతే. అమెరికా వంటల్లో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మాత్రమే. 240 కప్పుకు చక్కెర 200 గ్రాములు, మైదా 120 నుంచి 130 వస్తాయి. మైదాను అదిమి నింపితే 150 దాకా వెళ్తుంది, చెంచాతో వదులుగా పోయాలి.

ఇడ్లీకి మినప్పప్పు ఒక గ్లాసు, రవ్వ రెండు గ్లాసులు అన్నట్టుండే కొలతలను మాత్రం గ్రాముల్లోకి మార్చకండి. ఒకే గ్లాసుతో కొలిస్తే చాలు.

మీ ఆవకాయకు ఇంకొక్క మాట. ముందు 170 గ్రాముల ఉప్పే కలపండి. మిగతా 30 గ్రాములు పక్కన పెట్టుకుని, మూడో రోజు తిరగకలిపేటప్పుడు వేడి అన్నంలో ఓ ముద్ద కలిపి రుచి చూసి, కావలసినంత వేయండి.