మీ ప్రశ్నలు, మా జవాబులు: ఈసారి లష్కరే తోయిబా గురించి

పోయినసారి పహల్గాం గురించి రెండు ముక్కలు రాశాం కదా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు. సగం తిట్లే అనుకోండి, అవి పక్కన పెట్టి మిగతావాటికి తోచినంత చెప్తాను.

ప్రశ్న: పహల్గాంలో చంపింది టీఆర్ఎఫ్ అన్నారు, మళ్ళీ లష్కరే అన్నారు. ఇంతకీ ఎవరు? (ఒక పాఠకుడు, ఒంగోలు)

రెండూ ఒకటేనండీ. మన ఊళ్ళలో చిట్‌ఫండ్ కంపెనీ బోర్డు తిప్పేశాక అదే సందులో, అదే మేనేజర్‌తో, కొత్త పేరుతో ఇంకో కంపెనీ తెరుచుకుంటుంది చూశారా, అదే లెక్క. 2019లో ఆర్టికల్ 370 తీసేశాక ద రెసిస్టెన్స్ ఫ్రంట్ (టీఆర్ఎఫ్) అని ఒకటి పుట్టింది, పేరులో ఉర్దూ అరబ్బీ మాటలేమీ లేకుండా, అచ్చం ఏదో కాశ్మీర్ లోకల్ ఉద్యమంలా వినపడేలా పెట్టుకున్నారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్‌లో 26 మందిని చంపాక ముందు మేమే అన్నారు, తర్వాత నాలుక మడతేసి మేం కాదన్నారు. చనిపోయినవాళ్ళలో మన విశాఖ ఆయనా, కావలి ఆయనా ఉన్నారు, అందుకే మనవాళ్ళకి ఆ పేరు అంతగా గుర్తుండిపోయింది. ఆ జులైలో అమెరికా కూడా టీఆర్ఎఫ్‌ని ఉగ్రవాద సంస్థల లిస్టులో వేసింది, వేసేటప్పుడు ఇది లష్కరేకి ముసుగు అని కూడా రాసింది.

ప్రశ్న: ఈ లష్కరే వాళ్ళంతా చదువు సంధ్య లేని మదర్సా బాపతేనా సార్? మా క్లాసులో ఇదే గొడవ. (డిగ్రీ స్టూడెంట్, కరీంనగర్)

ఈ గొడవలో మీరు ఏ పక్కో తెలీదు కానీ, అవును అన్నవాళ్ళు ఓడిపోయారు. అసలు పెట్టినవాళ్ళే లెక్చరర్లు బాబూ. హఫీజ్ సయీద్ లాహోర్ ఇంజనీరింగ్ యూనివర్సిటీలో ఇస్లామిక్ స్టడీస్ చెప్పేవాడు, జఫర్ ఇక్బాల్ అక్కడే ఆయన తోటి టీచర్. వీళ్ళకి అబ్దుల్లా అజ్జాం తోడయ్యాడు, పాలస్తీనా నుంచి వచ్చి పెషావర్‌లో మకాం పెట్టినాయన, ఒసామా బిన్ లాడెన్‌కి గురువులాంటివాడు. 1980ల చివర్లో అందరూ కలిసి మర్కజ్ దావా వల్ ఇర్షాద్ అని ఒక సంస్థ పెట్టారు, మత ప్రచారం ఒక చేత్తో, తుపాకీ ఇంకో చేత్తో అన్నమాట. ఆ తుపాకీ చెయ్యి పేరే లష్కరే తోయిబా, అంటే పవిత్రుల సైన్యం. మొదటి క్యాంపులు ఆఫ్ఘనిస్తాన్‌లో. కానీ 1989 ఫిబ్రవరికల్లా సోవియట్ సైన్యం మూట సర్దుకుని వెళ్ళిపోయింది, ట్రైనింగ్ అయిన కుర్రాళ్ళేమో చేతిలో పని లేకుండా ఉన్నారు, సరిగ్గా అప్పుడే కాశ్మీర్ అంటుకుంది, పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐకి అంతకంటే ఏం కావాలి.

కుర్రాళ్ళ సంగతి. అమెరికా వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీ వాళ్ళు 2013లో ఒక స్టడీ బయటపెట్టారు, చనిపోయిన 900 మందికి పైగా లష్కరే వాళ్ళ జీవిత కథలు, అవి కూడా లష్కరే పత్రికల్లోనే అచ్చయినవి, చదివి లెక్కలు తీశారు. చాలామంది పాకిస్తాన్ పంజాబ్ వాళ్ళు, కాశ్మీరీలు కాదు. మామూలు స్కూలు చదువు వాళ్ళకి పాకిస్తాన్ సగటు కుర్రాడి కంటే ఎక్కువే ఉంది. చేరేటప్పటికి సగటు వయసు 17, చచ్చిపోయేటప్పటికి 21. అంటే మన దగ్గర ఇంటర్‌లో చేరి డిగ్రీ అయ్యేలోపు! ముందు 21 రోజుల దౌరా ఏ ఆమ్, అంటే అందరికీ ఇచ్చే మామూలు ట్రైనింగు, అది దాటినవాళ్ళకి మూడు నెలల దౌరా ఏ ఖాస్, అందులోంచి ఏరుకున్న కొద్దిమందికే బోర్డర్ దాటే ఛాన్స్.

ప్రశ్న: ఇంత మందిని పోషించడానికి డబ్బు ఎక్కడిది? (గృహిణి, విజయవాడ)

గల్ఫ్ చందాలు ఉన్నాయి, ఐఎస్ఐ సాయం ఉంది, ఇవి అందరూ చెప్పేవే. నాకు ఆశ్చర్యమేసింది మాత్రం తోళ్ళమ్మా. బక్రీద్‌కి పాకిస్తాన్‌లో ప్రతి ఇంటా కుర్బానీ ఇస్తారు కదా, ఆ జంతువుల తోళ్ళు లష్కరే వాళ్ళు విరాళంగా పట్టుకెళ్ళి చర్మాల వ్యాపారులకి అమ్ముకునేవాళ్ళు, వీధివీధినా టెంట్ వేసి కలెక్ట్ చేసేవాళ్ళు. ఇచ్చే ఇంటివాళ్ళు మాత్రం ఏదో ధర్మాసుపత్రికి ఇస్తున్నాం అనుకునేవాళ్ళు, ఆసుపత్రి నిజంగానే ఉండేది కూడా, అదే వీళ్ళ తెలివి. లాహోర్ దగ్గర మురీద్కేలో జీటీ రోడ్డు పక్కన సుమారు 200 ఎకరాల్లో మసీదు, స్కూళ్ళు, ఆసుపత్రి, పొలాలు, పెద్ద ఊరే కట్టుకున్నారు. 2002 జనవరిలో ముషారఫ్ లష్కరేని బ్యాన్ చేస్తే అప్పటికే జమాత్ ఉద్ దవా అని బోర్డు రెడీ. 2005 అక్టోబర్ భూకంపంలో ముజఫరాబాద్‌లో గవర్నమెంట్ కంటే ముందు వీళ్ళ అంబులెన్సులే దిగాయని చాలామంది విలేకరులు రాశారు. కొడుకుని బతికించిన డాక్టర్‌ని టెర్రరిస్టు అంటే ఆ తల్లి ఒప్పుకుంటుందా చెప్పండి?

ప్రశ్న: 26/11కీ (2008 ముంబై దాడి) మన హైదరాబాద్‌కీ ఏదో లింకు ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమా? (మలక్‌పేట పాఠకుడు)

లింకు ఉంది, కానీ మీ వాట్సాప్ అనుకునేది కాదు. హైదరాబాద్ పేరు దొంగతనంగా వాడుకున్నారు. కరాచీ నుంచి పదిమంది సముద్రం మీద వచ్చారు, దారిలో గుజరాత్ పడవ కుబేర్‌ని పట్టుకుని అందులో వాళ్ళని చంపేశారు, రబ్బరు బోటులో ముంబై జాలరిపేట దగ్గర దిగారు, మూడు రోజుల్లో 166 మంది ప్రాణాలు పోయాయి. ఆ పదిమందిలో ఒకడైన కసబ్ దగ్గర దొరికిన ఐడీ కార్డు మీద హైదరాబాద్ కాలేజీ ఒకదాని పేరుంది, సమీర్ దినేశ్ చౌదరి అని హిందూ పేరుంది. దాడి చేసింది మేమే అంటూ దక్కన్ ముజాహిదీన్ పేరుతో మీడియాకి ఈమెయిల్ పోయింది. ఒబెరాయ్ హోటల్ నుంచి ఒకడు టీవీ ఛానల్‌తో ఫోన్లో మాట్లాడుతూ మేం హైదరాబాద్ వాళ్ళం అన్నాడు. ఒక్క నక్కో లేదు, ఒక్క హౌ లేదు, వాడి పంజాబీ యాస విన్న మన పాతబస్తీ చాయ్ హోటల్ కుర్రాడెవడైనా నవ్వేసి ఉంటాడు.

ఆ రాత్రి గిర్గాం చౌపాటీ దగ్గర ఏఎస్ఐ తుకారాం ఓంబ్లే తన ఒంట్లో గుళ్ళు దిగుతున్నా తుపాకీ వదల్లేదు కాబట్టి కసబ్ ప్రాణాలతో దొరికాడు, పాకిస్తాన్ ఒకారా జిల్లా ఫరీద్‌కోట్ ఊరివాణ్ణని చెప్పాడు. వాడూ చచ్చిపోయుంటే? మన ఊరి పేరు మీద ఆ మచ్చ ఎన్నాళ్ళుండేదో తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

ఇంకో చిన్న ముక్క. కరాచీలో కూర్చుని ఫోన్లో నడిపించినవాళ్ళలో ఒకడు ప్రశాసన్ అనే మాట వాడాడు, అది పాకిస్తానీ నోట రాని హిందీ మాట, వీడెవడో ఇండియావాడే అని మనవాళ్ళకి అక్కడే డౌటొచ్చింది. వాడు మహారాష్ట్ర బీడ్ జిల్లా అబూ జుందాల్ అని తేలింది, 2012లో సౌదీ వాళ్ళు పట్టి పంపించారు.

ప్రశ్న: 26/11కి ముందు ముంబైలో రెక్కీ చేసిన హెడ్లీని అమెరికా మనకెందుకు ఇవ్వలేదు? (డాలస్ నుంచి)

నేరం ఒప్పుకుంటా, అన్నీ చెప్తా, ఇండియాకి మాత్రం పంపొద్దు అని బేరం పెట్టుకున్నాడు. షికాగో కోర్టు 2013లో 35 ఏళ్ళు వేసింది. దావూద్ గిలానీ అన్న పేరు మార్చుకుని అమెరికన్‌లా వచ్చి తాజ్ హోటల్ వీడియోలు తీసుకుపోయిన మనిషి మరి, బేరాలు తెలీవా! అతని స్నేహితుడు తహవ్వుర్ రాణాని మాత్రం 2025 ఏప్రిల్‌లో తెచ్చుకోగలిగాం.

ప్రశ్న: గోకుల్ చాట్, దిల్‌సుఖ్‌నగర్ కూడా వీళ్ళేగా? (పేరు వద్దన్నారు)

అన్నీ ఒకే గాటన కట్టొద్దండీ. 2007 లుంబినీ పార్క్, గోకుల్ చాట్ కేసులోనూ, 2013 దిల్‌సుఖ్‌నగర్ కేసులోనూ శిక్షలు పడింది ఇండియన్ ముజాహిదీన్ వాళ్ళకి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురి ఉరిని 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖాయం చేసింది. మక్కా మసీదు పేలుడు తర్వాత ఎత్తుకెళ్ళిన పాతబస్తీ కుర్రాళ్ళేమో కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు, తొందరపడి పేర్లు అంటించేవాళ్ళు అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: పాకిస్తాన్ హఫీజ్ సయీద్‌ని లోపల వేసిందంటారు, నిజంగా వేసిందా? (రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం)

వేసింది, కానీ ఎప్పుడు? ఉగ్రవాద నిధుల మీద కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2018లో పాకిస్తాన్‌ని గ్రే లిస్టులో పెట్టి అప్పులు పుట్టకుండా మెడ మీద కత్తి పెట్టాక, 2020లో శిక్ష. 26/11 దాడికి కాదు, ఉగ్రవాద నిధుల కేసులో. 2022లో ఇంకో 30 ఏళ్ళ పైచిలుకు కలిపారు, ఆ అక్టోబర్‌లోనే గ్రే లిస్టు నుంచి బయటపడ్డారు, టైమింగ్ చూడండి.

ఇంకో పాకిస్తాన్ ఉగ్రవాద సంస్థ జైషే మహమ్మద్ వాళ్ళలో కొందరు 2003లో ముషారఫ్ మీదే బాంబులు వేశారు, లష్కరే మాత్రం పాకిస్తాన్ సైన్యం వైపు తుపాకీ ఎప్పుడూ తిప్పలేదు, అందుకే ముద్దుల కొడుకు. 2012 ఏప్రిల్‌లో అమెరికా సయీద్ మీద కోటి డాలర్ల రివార్డు ప్రకటించిందా, ఆయన ఒకట్రెండు రోజుల్లోనే రావల్పిండిలో, ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కి కూతవేటు దూరంలో ఉన్న హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి, నేనెక్కడికీ పారిపోలేదు, ఇక్కడే ఉన్నా, ఆ డబ్బేదో నాకే ఇవ్వండి అన్నట్టు మాట్లాడాడు. విలేకరులు నవ్వుకుంటూ రాసుకున్నారట.